బడి వదిలాక చదువు: మీ ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు

ఊళ్లలో సాయంత్రం పూట పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివిస్తున్న వాళ్ల నుంచి ఈసారి ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. కల్వకుర్తి, అచ్చంపేట వైపు సర్కారు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి రిటైరై, ఇప్పుడు ఇంటి అరుగు మీదే సాయంత్రం బడి నడుపుతున్న మా టీచరమ్మ వాటిలో కొన్నింటికి జవాబులు రాశారు.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా ఊరి కమ్యూనిటీ హాల్లో రోజూ ఐదు నుంచి ఆరున్నర దాకా పిల్లలకు చదువు చెబుతున్నాను. డబ్బులేం తీసుకోను. రెండో తరగతి నుంచి ఏడో తరగతి దాకా ఇరవై మంది పైనే వస్తారు. హోంవర్క్ చేయించేసరికే టైమ్ అయిపోతుంది. ఐదో తరగతి పిల్లలు కూడా బోర్డు మీదిది చూసి ముత్యాల్లాంటి అక్షరాలు రాస్తారు, చదవమంటే మాత్రం నోరు తెరవరు. నాకే టెన్షన్ వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి? – ఒక అమ్మాయి, కల్వకుర్తి మండలం

జవాబు: బిడ్డా, నువ్వు సరిగ్గా కనిపెట్టావు. చూసి రాయడం వేరు, చదవడం వేరు. చూసి రాసేటప్పుడు కన్నూ చెయ్యీ పనిచేస్తాయి, అంతే. నోట్‌బుక్ నిండి, పేజీకో ఎర్ర టిక్కు పడితే ఇంట్లోనూ సంతోషం, బడిలోనూ సంతోషం. అందుకే పిల్లకి చదవడం రాదన్న సంగతి ఐదారేళ్లు ఎవరి కంటా పడదు.

ముందు హోంవర్క్ సంగతి తేల్చుకో. గంటన్నరలో చివరి ఇరవై నిమిషాలు దానికి చాలు. అది కూడా పిల్లలు పక్కపక్కన కూర్చుని వాళ్లలో వాళ్లే చేసుకోవాలి. మిగతా టైమంతా చదవడానికే. తల్లిదండ్రులు వచ్చి అడిగితే వెనక్కి తగ్గకు. "చదవడం వస్తే హోంవర్క్ వాడే చేసుకుంటాడు, నాకు కొన్ని నెలలు టైమ్ ఇవ్వండి" అని చెప్పు.

ఆ తర్వాత ఎవరు ఎక్కడున్నారో చూడు. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి ఊళ్లలో ఇంటింటికీ తిరిగి చేస్తున్న అసర్ సర్వే పద్ధతి నీలాంటి వాళ్లకు బాగా పనికొస్తుంది. ఒక కాగితం మీద కొన్ని అక్షరాలు, కొన్ని తేలిక మాటలు, ఒకటో తరగతి స్థాయిలో నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయిలో ఒక చిన్న కథ రాసి పెట్టుకో. పిల్లవాడికి మొదట పేరా చూపించు. గడగడా చదివితే కథ ఇవ్వు. తడబడితే మాటలు చూపించు, అక్కడా ఆగితే అక్షరాలు చూపించు. ఎక్కడ నిలబడగలిగితే అదే వాడి మెట్టు. ఒక్కొక్కరికి ఐదు నిమిషాలకు మించి పట్టదు.

ఇందులో రెండు జాగ్రత్తలు. పాఠ్యపుస్తకంలోది చదివించొద్దు. మా అరుగు మీదికి వచ్చే ఒక నాలుగో తరగతి బాబు తెలుగు పుస్తకం తెరిచి పాఠం మొత్తం ఒక్క తప్పు లేకుండా వినిపించాడు. వేలు చూస్తే రెండో లైను మీద ఉంది, నోరు అప్పటికే ఐదో లైనులో ఉంది. నా అరచేత్తో పేజీ పైనున్న బొమ్మను మూశాను. ఆగిపోయాడు. చెయ్యి తీశాను, మళ్లీ అందుకున్నాడు. బొమ్మను చూసి పాఠం గుర్తు తెచ్చుకుంటున్నాడు తప్ప, కింద అచ్చైన అక్షరాల జోలికి వాడు పోనేలేదు. అదే బాబుకి నేను రాసిన "మా మామ మేక కొన్నాడు" అన్న వాక్యం ఇస్తే "మా మామ" దగ్గర ఆగి నా మొహం చూశాడు. కాబట్టి పేరా, కథ నువ్వే కొత్తగా రాయి. రెండో జాగ్రత్త ఏమిటంటే, పరీక్ష అన్న మాట ఎత్తొద్దు, మిగతా వాళ్లకు వినపడే చోట చేయొద్దు. ఏడో తరగతి అబ్బాయి "పలక" దగ్గర ఆగిపోయాడని రెండో తరగతి పిల్లకి తెలిస్తే, మర్నాటి నుంచి వాడు నీ గడప తొక్కడు.

మెట్లు తెలిశాక తరగతులు మర్చిపో. అక్షరాల దగ్గరున్న వాళ్లు ఒక గుంపు, మాటల దగ్గరున్న వాళ్లు ఇంకో గుంపు, పేరా, కథ చదవగలిగే వాళ్లు మూడోది. ఐదో తరగతి పిల్ల రెండో తరగతి పిల్ల పక్కన కూర్చోవచ్చు. తప్పేం లేదు.

అక్షరాల గుంపుకి మళ్లీ అ, ఆ నుంచి ఎత్తుకోకు. మన పిల్లల్లో చాలామందికి గుణింతం పాటలాగా వస్తుంది. "క, కా, కి, కీ" అని ఊగుతూ చెబుతారు. మధ్యలో "కే" ఒక్కటే చూపించి ఇదేంటని అడిగితే, మళ్లీ "క" దగ్గర మొదలుపెట్టి వేళ్లు మడుచుకుంటూ అక్కడికి వస్తారు. ఆ వరస పోవాలి. పాత పెండ్లి కార్డుల వెనకవైపు తెల్లగా ఉంటుంది కదా, వాటిని ముక్కలుగా కోసి ఒక్కోదాని మీద ఒక్కో అక్షరం రాయి. మొదట క, ప, మ, ట, డ చాలు. గుర్తుల్లో దీర్ఘం, గుడి చాలు. ఇంత కొంచెం సరుకుతోనే కాకి, పాట, మాట, మడి, కాడి, పాపిడి, మామిడి అన్నీ వచ్చేస్తాయి. యాభై ఆరు అక్షరాలూ వచ్చేదాకా ఆగకుండా మొదటి వారంలోనే పిల్ల ఒక పూర్తి మాట చదివిందంటే, రెండో వారం తనే ముందొచ్చి కూర్చుంటుంది. చిన్నవాళ్లకైతే చాక్‌పీసుతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, గడికో అక్షరం రాయి. బిళ్ల పడిన అక్షరం పలికితేనే గెంతాలి.

మాటల గుంపు ఇరుక్కునేది వత్తుల దగ్గర. అక్క, అవ్వ, పత్తి, బువ్వ లాంటివి ముందు. పుస్తకం, చంద్రుడు, వస్త్రం లాంటివి బాగా తర్వాత. కొన్ని వత్తులకి అసలు అక్షరం పోలికే ఉండదు. త, న, మ, య, ర, ల వత్తులు చూడు, ఎక్కడా ఆ అక్షరం ఆనవాలు కనపడదు. మనం పెద్దవాళ్లం అలవాటు పడి ఈ సంగతి మర్చిపోయాం. పిల్లకి మాత్రం అది కొత్త లిపి కిందే లెక్క. ఒక్కో వత్తుకి రెండు మూడు రోజులు కేటాయించు, తొందరేం లేదు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది చెబుతాను. రోజూ మొదటి పావుగంట అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి, ఒక్క పిల్లనో పిల్లవాణ్నో ఏదైనా చెప్పమను. చెప్పింది చెప్పినట్టు బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాయి. మొన్న మా దగ్గర ఒక పాప చెప్పింది: "నిన్న మా బర్రె ఈనింది. దుడ్డె పుట్టింది. మా తాత నిద్రపోలె. మా అవ్వ జున్ను చేసింది. నాకు ఒక్క గిన్నెనే ఇచ్చింది." ఐదు వాక్యాలు. ఆ సాయంత్రమంతా మాకు అదే పాఠం. అందరూ వేలు పెట్టి చదివారు. అక్షరాల గుంపు "న" ఎన్నిచోట్ల ఉందో వెతికింది. మాటల గుంపు బర్రె, దుడ్డె, అవ్వ, జున్ను, ఒక్క, గిన్నె ఏరి పలకల మీద రాసుకుంది. మూడో గుంపు తర్వాత ఏం జరిగిందో ఆ పాపనే అడిగి ఇంకో ఐదు వాక్యాలు రాసింది. మర్నాడు ఆ వాక్యాలను కాగితం పట్టీల మీద రాసి, కలిపేసి, మళ్లీ వరసలో పెట్టమన్నాను. పాఠం చెప్పిన పాప అక్షరాల గుంపులోదే. అయినా తన వాక్యాలు తనే అందరికంటే ముందు పేర్చింది, ఎందుకంటే అందులో ఏముందో తనకి తెలుసు.

ఇక్కడ చాలామంది నాతో వాదిస్తారు, "నిద్రపోలె" అని ఎందుకు రాశారు, "నిద్రపోలేదు" అని దిద్దాలి కదా అని. నేను దిద్దను. పాప నోట్లో ఒకటి ఉండి, బోర్డు మీద ఇంకొకటి ఉంటే, చదువంటే తన మాట కాదని తనకి మొదటి రోజే తెలిసిపోతుంది. "పని చేయనీకి పోయింది" అంటే అలాగే రాయి. పుస్తకాల భాష ఎలా వస్తుందంటావా, నువ్వు రోజూ ఒక కథ పైకి చదివి వినిపించు. విన్నది చెవిలో నిలుస్తుంది, రాయడంలోకి అదే వస్తుంది. మూడో గుంపు పిల్లలు కొన్నాళ్లకు వాళ్లంతట వాళ్లే అడుగుతారు, "మేడమ్, పుస్తకంలో వెళ్లింది అని ఉంటది కదా" అని. అప్పుడు రెండూ పక్కపక్కన రాసి చూపించు.

కథ చదివే పది నిమిషాలు మాత్రం ఏ రోజూ మానకు. పరీక్షలున్నా, కరెంటు పోయినా, సెల్‌ఫోన్ లైటు పెట్టుకునైనా చదువు. మధ్యలో ఆగి "ఇప్పుడేం చేస్తాడంటారు?" అని అడుగు. చివర్లో నీతి మాత్రం చెప్పించకు.

ఇంకొక్కటి. 2021లో కేంద్ర ప్రభుత్వం తెచ్చిన నిపుణ్ భారత్ కార్యక్రమం ప్రకారం మూడో తరగతి అయ్యేసరికి పిల్లలు కొత్త పాఠాన్ని అర్థం చేసుకుంటూ నిమిషానికి కనీసం 60 మాటలు చదవాలి. మన రాష్ట్రంలో 2022లో మొదలైన తొలిమెట్టు కూడా ఇలా చదవడం, రాయడం గట్టిపడాలనే పెట్టారు. ఆ లెక్క నీ మనసులో ఉంచుకో, పిల్ల ముందు ఫోన్‌లో సెకన్లు లెక్కపెట్టకు. వేగం కోసం చదివే పిల్ల చుక్క దగ్గర ఆగదు. చుక్క దగ్గర ఆగని పిల్లకి ఏం చదివిందో అర్థమై ఉండదు.

ప్రశ్న: మేడమ్, మాది దేవరకొండ వైపు తండా. ఇంటర్ దాకా చదివాను. యువజన సంఘం తరఫున చిన్న పిల్లలకు సాయంత్రం చదువు చెబుతున్నాను. ఇంట్లో అందరం లంబాడీ మాట్లాడతాం. అలాగే మాట్లాడితే తెలుగు రాదని, నా క్లాసులో మా భాష మాట్లాడొద్దని రూల్ పెట్టాను. కానీ ఒకటి, రెండో తరగతి పిల్లలు అసలు మాట్లాడటమే మానేశారు. ఏం చేయాలి? – ఒక యువకుడు, దేవరకొండ డివిజన్

జవాబు: తమ్ముడూ, ఆ రూల్ ఇవాళే తీసెయ్యి. ఆ పిల్లల భాష తెలిసిన మనిషి వాళ్లకు చదువు చెప్పడానికి దొరికాడు. బడిలో చాలా తండాలకు ఈ అదృష్టం లేదు. నువ్వు కూడా తెలుగే పట్టుకుని కూర్చుంటే వాళ్లకి దిక్కెవరు?

ఆరేళ్ల పిల్ల ఒకేసారి రెండు కొత్త పనులు చేయలేదు. తెలియని భాషా నేర్చుకోవాలి, తెలియని అక్షరాలూ నేర్చుకోవాలి అంటే రెండూ ఆగిపోతాయి. అందుకని అక్షరాలను తెలిసిన మాటలతో నేర్పు. లంబాడీని మన దగ్గర తెలుగు అక్షరాలతోనే రాసుకుంటారు కాబట్టి నీకు పని తేలిక. బోర్డు మీద "యాడి" అని రాయి. అమ్మ బొమ్మ గియ్యి. కింద "బాటి" అని రాసి రొట్టె బొమ్మ, "పాణి" అని రాసి బిందె బొమ్మ. ఒక్కదానికీ వత్తు లేదు, అన్నీ రెండక్షరాల మాటలే. బోర్డు మీద తన ఇంటి మాట కనపడగానే పిల్ల మొహం ఎట్లా మారుతుందో నువ్వే చూస్తావు. ఆ మాటలు ధారాళంగా చదివాక పక్కన అమ్మ, రొట్టె, నీళ్లు రాయి. రెండు వరసల కార్డులు చేసి జతలు కలిపే ఆట ఆడించు.

తెలుగు కథ చెప్పేటప్పుడు కూడా ముందు బొమ్మలు చూపించి లంబాడీలో మాట్లాడించు. ఎవరున్నారు, ఏం చేస్తున్నారు, తర్వాత ఏమవుతుంది అని. కథ తెలిశాక తెలుగులో చదివి వినిపిస్తే, తెలియని మాటలు కూడా వాళ్లే ఊహించుకుంటారు. తీజ్ పండుగ వచ్చినప్పుడు ఆడవాళ్లు పాడే పాటలు పెద్ద పిల్లల చేత అడిగించి రాయించు. మీ తండాలో పెద్దవాళ్లకు వచ్చిన కథలు, పాటలు రాసిన నోట్‌బుక్ ఒకటి మీ కేంద్రంలో ఉంటే, అంతకు మించిన వాచకం ఆ పిల్లలకు ఇంకోటి లేదు.

తెలుగు ఎప్పుడు వస్తుందన్న భయం పెట్టుకోకు. నోరు విప్పిన పిల్లకే రెండో భాష వస్తుంది. నారాయణపేట, మక్తల్ వైపు ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలకు చెప్పేవాళ్లు కూడా ఇదే చేయండి.

ప్రశ్న: అమ్మా, నేను బత్తాయి తోటల్లో కూలి పనికి పోతాను. మా బాబు ఏడో తరగతి. తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. మా ఊళ్లో సాయంత్రం బడి పెట్టారు గానీ, చిన్న పిల్లలతో కూర్చోబెడుతున్నారని పోనంటున్నాడు. కొడితే పోతాడా, వద్దా? ఈ ఉత్తరం పక్కింటి అమ్మాయితో రాయిస్తున్నాను. – ఒక తల్లి, నల్లగొండ జిల్లా

జవాబు: కొట్టొద్దక్కా. వాడు పోనంటున్నది చదువు మీద కోపంతో కాదు. పన్నెండేళ్ల వాడికి అందరి ముందు పలక పట్టుకోవాలంటే సిగ్గు. ఆ సిగ్గును మనం కాపాడాలి.

ఈ జవాబును ఆ కేంద్రం నడిపే వాళ్లకు చూపించండి, వాళ్లకి రాస్తున్నాను. ఆ అబ్బాయిని చదువుకోవడానికి రమ్మనకండి, చదివి వినిపించడానికి రమ్మనండి. చిన్న పిల్లలకి రోజుకో బొమ్మల కథ చదివి వినిపించే పని వాడిదని అందరి ముందు చెప్పండి. పుస్తకం ఒకరోజు ముందే వాడి చేతికి ఇవ్వాలి. ఇంటికి తీసుకుపోయి పదిసార్లు చదువుకుని వస్తాడు, ఎందుకంటే రేపు చిన్నవాళ్ల ముందు తడబడకూడదు. వాడు చదువుతున్నది రెండో తరగతి పుస్తకమే. కానీ ఇప్పుడు దాన్ని పట్టుకోవడానికి వాడికి గౌరవమైన కారణం ఉంది. మా దగ్గర ఇట్లా మొదలుపెట్టిన ఒక పెద్ద పిల్లవాడు కథలో కోతి మాట్లాడే చోట గొంతు మార్చి చదవడం తనే నేర్చుకున్నాడు. గొంతు మార్చాలంటే ఎక్కడ ఎవరు మాట్లాడుతున్నారో తెలియాలి కదా. కొమ్ములు, గుడులు ఎంత దిద్దించినా రాని అర్థం అక్కడ వచ్చింది.

దీంతో పాటు వాడితో ఎవరైనా విడిగా పావుగంట కూర్చోవాలి. వాడి వయసుకు తగ్గవి చదివించాలి. క్రికెట్ స్కోరు వార్త, ట్రాక్టర్ గురించిన పేజీ, సెల్‌ఫోన్ రీచార్జి మెసేజీ, ఏదైనా సరే. పేపర్లో పెద్ద అక్షరాల హెడ్డింగులు, ఫొటోల కింద లైన్లు మొదలుపెట్టడానికి బాగుంటాయి.

మరో మాట అక్కా. పుస్తకం మొహానికి దగ్గరగా పెట్టుకుంటాడా, బోర్డు చూసేటప్పుడు కళ్లు చికిలిస్తాడా గమనించండి. అట్లా ఉంటే పిల్లల ఆరోగ్యం చూడటానికి బడికి వచ్చే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) డాక్టర్ల బృందానికి చూపించమని హెడ్‌మాస్టర్‌ని అడగండి. అద్దాలు పెట్టగానే చదువు దారిలో పడ్డ పిల్లలున్నారు.

ప్రశ్న: టీచర్ గారూ, దసరా దాకా మా కేంద్రం కళకళలాడుతుంది. పత్తి ఏరడం మొదలవగానే సగం మంది రారు. కొందరి అమ్మానాన్నలు బొంబాయి, పుణె వైపు వలస పోతారు, పిల్లలు ముసలివాళ్ల దగ్గర ఉంటారు. సంక్రాంతి తర్వాత మళ్లీ మొదటి నుంచి చెప్పాల్సి వస్తోంది. – ఒక వాలంటీరు, కోస్గి మండలం

జవాబు: మన పాలమూరులో పిల్లల చదువుకు ఎండాకాలం సెలవుల కంటే పత్తి కాలమే పెద్ద గండి. నాకు దీని మీద చాలా బాధ ఉంది. తెల్లారగట్ల చలిలో చేనుకు పోయి, సాయంత్రానికి వేళ్లు గీరుకుపోయి వచ్చే పిల్లని మళ్లీ కూర్చోబెట్టి గుణింతం చెప్పమనడం అన్యాయం. అందుకే ఆ మూడు నెలలకు కార్యక్రమం మార్చు. కొత్త అక్షరాలు, కొత్త వత్తులు ఆ కాలంలో పెట్టొద్దు. కథ వినడం, తెలిసింది మళ్లీ చదవడం, ఒక వాక్యం రాయడం. అరగంట చాలు. ఆరు కాకముందే చీకటి పడుతుంది కాబట్టి ముందే మొదలుపెట్టి, ఆడపిల్లలు గుంపుగా వెలుగుండగానే ఇంటికి చేరేట్టు చూడు. చేనుకు పోవాల్సిన పని లేని పిల్లలున్నారు కదా, వాళ్లలో ఒక్కొక్కరికి రానివాళ్ల ఇల్లు ఒక్కొక్కటి అప్పగించు. కథల పుస్తకం చేరవేయడం, చదివింది తిరిగి తేవడం వాళ్ల పని.

వలస పోయిన వాళ్ల పిల్లలకు చదవడానికీ రాయడానికీ గట్టి కారణం ఇంట్లోనే ఉంది. అమ్మకు చెప్పాల్సిన మాటలుంటాయి. వారానికోసారి అమ్మకో నాన్నకో నాలుగు లైన్లు రాయించు. నీ ఫోన్‌తో ఫొటో తీసి వాట్సాప్‌లో పంపు. అమ్మకు చదవడం రాకపోతే పిల్ల చేత పైకి చదివించి వాయిస్ మెసేజ్ పంపు. బొంబాయి నుంచి జవాబు వస్తే అది మర్నాటి పాఠం. ఊళ్లో ఎవరూ లేక పిల్లను కూడా వెంట తీసుకుపోతున్న కుటుంబాలుంటే, పోకముందే మండల విద్యాధికారి ఆఫీసులో సీజనల్ హాస్టల్ గురించి అడగండి. సమగ్ర శిక్షా పథకం కింద వలస కుటుంబాల పిల్లల కోసం వాటిని నడపడానికి వీలుంది.

ఇంట్లో ముసలివాళ్లకు చదువు రాదని నిరాశపడొద్దు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అక్షరాస్యత 55 శాతం దగ్గర ఉంది. మన పిల్లల ఇళ్లలో చదవలేని పెద్దవాళ్లు ఉండటం మామూలే. వాళ్లు నేర్పలేరు కానీ వినగలరు. "ఇవాళ ఈ పేజీ మీ అవ్వకు చదివి వినిపించి రా" అని పంపించు. మర్నాడు అవ్వ ఏమందో అడుగు. "మా అవ్వ నవ్వింది", "ఇట్లాంటి నక్కను నేను చూసిన అన్నది" అని పిల్లలు చెప్పే మాటలు బోర్డు మీదికి ఎక్కించు.

ప్రశ్న: మా పాప ఇంగ్లిష్ మీడియంలో మూడో తరగతి. సాయంత్రం కేంద్రంలో తెలుగు కథలు చదివిస్తున్నారు. దీనివల్ల ఇంగ్లిష్ వెనకబడదా? – ఒక తల్లి, మిర్యాలగూడ

జవాబు: వెనకబడదమ్మా. ఎడమ నుంచి కుడికి చూపు కదలడం, గుర్తును శబ్దంగా మార్చడం, ముందు వాక్యాన్ని గుర్తుపెట్టుకుని తర్వాతి వాక్యంతో కలుపుకోవడం, ఇవి ఒక భాషలో వస్తే రెండో భాషకు పనికొస్తాయి. అర్థం తెలిసిన భాషలో ఇవి తొందరగా వస్తాయి. సర్కారు బడుల్లో 2022-23 నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టినప్పుడు పుస్తకాలు ఒక పేజీ తెలుగు, ఒక పేజీ ఇంగ్లిష్‌గా ఇచ్చింది కూడా పిల్లకి అర్థం కావాలనే. అలాంటి పుస్తకం దొరికితే తెలుగు పేజీ చదివించి, తర్వాత ఇంగ్లిష్ పేజీ తీయించండి. తేడా మీకే తెలుస్తుంది.

ప్రశ్న: మేడమ్, మా దగ్గర పిల్లలున్నారు, చాప ఉంది, బోర్డు ఉంది. పుస్తకాలు లేవు, కొనడానికి డబ్బులూ లేవు. ఏం చదివించాలి? – మహిళా సంఘం సభ్యులు, నాగర్‌కర్నూల్ జిల్లా

జవాబు: అక్కలారా, మీరు సంఘం లెక్కలు రాసుకునేంత ఓపికున్న వాళ్లు, ఈ పని మీకు కష్టం కాదు. మొదట మీ ఊరి సర్కారు బడికి పోయి హెడ్‌మాస్టర్‌ని అడగండి. చాలా బడుల్లో లైబ్రరీ పుస్తకాలు బీరువాలో తాళం వేసి ఉంటాయి, చిరిగితే ఎవరు సంజాయిషీ చెప్పాలన్న భయంతో. బడి బాగోగులు చూసే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల్లో మీ సంఘం వాళ్లే ఉంటారు కాబట్టి మీ మాటకు విలువ ఉంటుంది. రిజిస్టర్‌లో సంతకం పెట్టి వారానికి ఇరవై పుస్తకాలు తెచ్చుకుని, తిరిగి ఇచ్చి మళ్లీ తెచ్చుకోండి.

ఫోన్ ఉన్నవాళ్లు స్టోరీవీవర్ అన్న వెబ్‌సైట్ చూడండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో పెట్టారు. తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, నాలుగు స్థాయిల్లో ఉంటాయి. దించుకోవచ్చు, ప్రింట్ తీసుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. నలుపు తెలుపులో పది కథలు జిరాక్స్ తీయించి, మధ్యలో కుట్టేయండి. పిల్లలే రంగులు వేసుకుంటారు. ఆ పుస్తకాలను పెట్టెలో పెట్టొద్దు. గోడకు రెండు మేకులు కొట్టి తాడు కట్టి, పిల్లల చెయ్యి అందే ఎత్తులో మధ్య పేజీ దగ్గర విప్పి వేలాడేయండి. అట్ట కనపడే పుస్తకాన్నే పిల్లలు తీస్తారు. చిరుగుతాయి, చిరగనివ్వండి. గమ్ టేప్ పెట్టి అతికించే పని కూడా పిల్లలదే.

జిల్లా గ్రంథాలయ సంస్థ శాఖ మీ మండలంలో ఉంటే అక్కడికీ పిల్లల్ని తీసుకుపొండి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నది మనమే. మన ఉమ్మడి పాలమూరు సురవరం ప్రతాపరెడ్డి గారి జిల్లా. 1926లో గోలకొండ పత్రిక పెట్టిన ఆయన తరం వాళ్లు, తెలుగు బడులే అరుదైన రోజుల్లో తెలుగు చదివించడానికి, గ్రంథాలయాలు పెట్టించడానికి ఊళ్లు తిరిగారు. మన పిల్లలు ఆ గడప తొక్కకపోతే ఎట్లా?

ఇంతా చేసి పుస్తకాలు రావడానికి నెల పట్టిందనుకోండి, అప్పటిదాకా ఊరే పుస్తకం. పత్తి విత్తనాల ప్యాకెట్ మీద పేర్లు, ఎరువుల బస్తా, సబ్బు కవరు, రేషన్ దుకాణం బోర్డు, పంచాయతీ గోడ మీద రాతలు, బస్సు మీద ఊరి పేరు. పిల్లలకు ఒక్కో సాయంత్రం ఒక్కో వీధి అప్పగించి, కనపడిన మాటలు రాసుకు రమ్మనండి. వచ్చాక అన్నీ కలిపి గోడ మీద అంటించి చదివించండి.

బతుకమ్మ ముందుంది కాబట్టి ఇంకో పని చెబుతాను. మీకు వచ్చిన పాట ఒకటి పెద్ద చార్టు మీద లైనుకో చరణంగా రాయండి. ప్రతి లైను చివర "ఉయ్యాలో" వస్తుంది. పిల్లలకు పాట నోటికి వచ్చు, చూపు మాత్రం కొత్త. మీరు పాడుతూ ఉంటే పిల్ల కర్రతో ఒక్కో మాట చూపిస్తూ పోవాలి. "ఉయ్యాలో" దగ్గరికి వచ్చినప్పుడు నోరూ కర్రా ఒకేసారి అక్కడికి చేరాయా అని చూడండి. ముందే చేరితే మళ్లీ మొదటి లైను నుంచి. రెండో రోజుకు "ఉయ్యాలో" ఎక్కడున్నా గుర్తుపడతారు. మూడో రోజు ఆ మాటలోని య వత్తును అయ్య, కొయ్య, నుయ్యిలో వెతికించండి. తొమ్మిది రోజులకు తొమ్మిది పాటలు అక్కర్లేదు, రెండు చాలు. పాట చివర పిల్లలు సొంతంగా ఒక చరణం కట్టి, చార్టు కింద వాళ్ల చేత్తోనే రాస్తే, సద్దుల బతుకమ్మ నాడు ఆడేచోట దాన్ని వాళ్లే పట్టుకుని చదవాలి, మీరు వంత పాడాలి.